సీసా అడుగున కనిపించిన నీళ్లు బంకువేనా?

పల్నాడు జిల్లా నుంచి ఒక పాఠకుడు పెద్ద ఉత్తరం రాశారు. సొంతంగా మిర్చి వేస్తూనే యంత్రాలు అద్దెకు తిప్పుతుంటారు. పెట్రోలుతో నడిచే మందు కొట్టే తైవాన్ స్ప్రేయర్లు రెండు, 2021లో కొన్న కలుపు తీసే పెట్రోల్ పవర్ వీడర్ ఒకటి ఉన్నాయి. ఇవి కాక నాన్నగారి టూ స్ట్రోక్ స్కూటరు, 1990ల నాటిది, ఇప్పటికీ రోజూ పాలకేంద్రానికి వెళ్లొస్తోంది.

మార్చిలో మందుల పని అయిపోయాక స్ప్రేయర్లను ట్యాంకుల్లో మిగిలిన పెట్రోలుతోనే షెడ్డులో పెట్టేశారు. ఆయిల్ కలిపిన పెట్రోలు ఇంకో రెండు మంచినీళ్ల సీసాల్లో ఉండిపోయింది. ఆగస్టు చివర్లో బయటికి తీస్తే ఒక స్ప్రేయరు చోక్ వేసి ఉంచితేనే నడుస్తోంది, తీస్తే ఆగిపోతోంది. రెండోదాన్ని ఒక కౌలు రైతు తీసుకెళ్లాడు. తామర పురుగుకు మందు కొడుతుండగా ఇంజన్ మోత ఒక్కసారిగా పెరిగి పట్టేసింది. ఆయనకు ఆ పూట పని పోయింది. పాత అద్దె బాకీ కూడా ఇవ్వనంటున్నాడు.

ఆ స్ప్రేయర్ ట్యాంకులో మిగిలింది, సీసాల్లో ఉన్నది కలిపి నాన్నగారు ఒక తెల్ల సీసాలో పోసి చూశారు. లీటరు సీసాలో అడుగున మూడు వేళ్ల మందాన వేరే పొర. ఆ సీసా పట్టుకుని బంకుకు వెళ్లి నలుగురిలో 'నీళ్లు కలిపి అమ్ముతున్నావు' అనేశారు. బంకు నడిపేది మరెవరో కాదు, పాఠకుడి మేనమామ. అప్పటి నుంచి రెండిళ్ల మధ్య మాటల్లేవు, అమ్మ పుట్టింటి గడప తొక్కలేదు.

ఈలోగా మెకానిక్ వీడర్ కార్బురేటర్‌లో పెట్రోలు కొలిచి వదిలే జెట్ రంధ్రాన్ని డ్రిల్ బిట్‌తో పెద్దది చేశాడు. ఇప్పుడది నల్లపొగ వదులుతోంది. ఒక స్నేహితుడేమో పెట్రోల్లో నీళ్లు పోసి గిలకొట్టి అందులో కలిపి వచ్చే ఇథనాల్ అనే ఆల్కహాల్‌ను తీసేయమంటున్నాడు. 'నాన్న అన్నది నిజమేనా? యంత్రాలు బాగు చేయించాలా, అమ్మేయాలా? స్కూటరు సంగతేంటి? కౌలు రైతుకు ఏం చెప్పాలి?' ఇవీ ఆయన ప్రశ్నలు.

*

మీ ఉత్తరంలో యంత్రాల సమస్యలూ కుటుంబ సమస్యా ముడిపడిపోయాయి. ముందు సీసా సంగతి తేలుద్దాం. మామయ్యగారి మీద పడ్డ మాటకు ఆధారం అదొక్కటే.

ఆ సీసాలో ఉన్నది బంకులో అప్పుడే పట్టిన పెట్రోలు కాదు. ఐదు నెలలకు పైగా ట్యాంకులోనూ మంచినీళ్ల సీసాల్లోనూ నిల్వ ఉన్నది. ఇప్పుడు మనం కొనే పెట్రోల్లో నూటికి ఇరవై పాళ్లు ఇథనాల్. 2022 మధ్య నాటికి దేశమంతటా సగటున పది శాతానికి చేరింది. 2023 ఫిబ్రవరిలో ఇరవై శాతం ఇథనాల్ ఉన్న ఈ20 అమ్మకం మొదలై, 2025 నాటికి దాదాపు అన్ని బంకులకూ వచ్చేసింది. ఇథనాల్ నీటిని తనలో కలుపుకుంటుంది. కొద్దిపాటి తేమ చేరినంత కాలం పైకి ఏమీ తెలియదు, పెట్రోలు తేటగానే ఉంటుంది. ఆ హద్దు దాటాక మాత్రం ఇథనాల్‌లో ఎక్కువ భాగం పెట్రోలును వదిలేసి, నీటితో కలిసి అడుగుకు దిగిపోతుంది. పది శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలుకైతే ఆ హద్దు దాదాపు అర శాతం నీరు, అంటే లీటరుకు ఒక చెంచా. ఈ20 అంతకన్నా కొంచెం ఎక్కువ ఓర్చుకుంటుంది. కానీ విడిపోయినప్పుడు అడుగున చేరే పొర కూడా అంతకంత పెద్దది.

నాన్నగారు చూసిన మూడు వేళ్ల మందం లీటరు సీసాలో సుమారు ఐదో వంతు. అదంతా నీళ్లే అయితే మామయ్యగారు లీటరుకు 200 మి.లీ. నీళ్లు కలిపి అమ్మినట్టు లెక్క. అలాంటి పెట్రోలు పోయించుకున్న బైకు ఒక్కటి కూడా ఊరు దాటేది కాదు. లీటరు ఈ20లో ఇథనాల్ కూడా 200 మి.లీ. దగ్గరే ఉంటుంది. మీ సీసా అడుగున దిగింది చాలావరకు అదే, దాన్ని కిందికి లాగడానికి చెంచాడో రెండు చెంచాలో నీళ్లు చేరి ఉంటాయి.

ఆ నీళ్లు ఎక్కడివో వెతకడానికి బంకు దాకా వెళ్లక్కర్లేదు. మందు కొట్టాక స్ప్రేయరును నీళ్లతో కడుగుతాం. పెట్రోల్ ట్యాంకు మూతకు గాలి ఆడే సన్నని దారి ఉంటుంది, దాంట్లోంచి చుక్కలు దిగుతాయి. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో పగటి వేడికీ రాత్రి చల్లదనానికీ గాలి లోపలికీ బయటికీ ఆడుతూ తేమను వదిలిపోతుంది. పైగా వానాకాలం. మందు కొలిచిన తడి గరాటే పెట్రోలుకూ వాడి ఉండొచ్చు. మంచినీళ్ల సీసాలు లోపల పూర్తిగా ఆరాయో లేదో ఎవరూ చూడరు.

ఇదంతా బలమైన అనుమానమే, రుజువు కాదు. రుజువు ఇంట్లోనే చేసుకోవచ్చు. సైన్సు సామాన్లు అమ్మే షాపులో 100 మి.లీ. కొలత సిలిండర్ ఒకటి తెచ్చుకోండి. మామయ్యగారి బంకులో తాజా పెట్రోలు పొడి డబ్బాలో పట్టించండి. కొంత పొడి గాజు సీసాలో పోసి మూత బిగించి ఒక రాత్రి ఉంచండి. పొద్దున్న అది తేటగా ఉండి, అడుగున పొర లేకపోతే బంకు ట్యాంకులో చెప్పుకోదగ్గ నీరు లేనట్టే. మబ్బుగా ఉన్నా, పొర కట్టినా అనుమానించాలి. ఇక సిలిండర్‌లో 10 మి.లీ. నీళ్లు పోసి, పైన 100 గీత దాకా పెట్రోలు నింపి, మూసి బాగా కుదిపి, పది నిమిషాలు కదలకుండా ఉంచండి. ఇథనాల్ నీటిలోకి దిగి అడుగు పొర పెరుగుతుంది. ఇథనాల్ లేని పెట్రోలైతే పొర 10 దగ్గరే ఆగుతుంది. పది శాతమైతే 18, 19 దగ్గరికి, ఇరవై శాతమైతే 27, 28 దగ్గరికి వస్తుంది. ల్యాబు లెక్కంత కచ్చితం కాదు గానీ కంటికి నమ్మకం కుదిరేంత స్పష్టంగా ఉంటుంది. ఆరుబయట, నిప్పుకూ స్విచ్చులకూ దూరంగా చేయండి. ఆ పెట్రోలు మళ్లీ ఏ ట్యాంకులోనూ పోయకండి.

ఇంకో చిన్న పరీక్ష నాన్నగారి పాత సీసాతోనే చెయ్యొచ్చు. పై పొరలోంచి ఒక చుక్క, అడుగు పొరలోంచి ఒక చుక్క తెల్ల కాగితం మీద వేరువేరుగా వేసి నీడలో ఆరనివ్వండి. పై చుక్క చోట నూనె మరక మిగులుతుంది. అడుగు చుక్క చోట దాదాపు ఏమీ మిగలదు, ఎందుకంటే టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్ల పెట్రోల్లో కలిపే నూనె) పెట్రోలుతోనే పైన ఉండిపోయింది. మీ స్ప్రేయరు ఎందుకు పట్టేసిందో కూడా ఆ కాగితమే చెబుతుంది. ట్యాంకులో పైపు చివర బరువైన ఫిల్టరు అడుగునే పడి ఉంటుంది. అది పీల్చింది నూనె లేని, నీళ్లు కలిసిన ఇథనాల్‌ను. టూ స్ట్రోక్ ఇంజన్‌కు పెట్రోల్లో కలిసి వచ్చే నూనె తప్ప వేరే నూనె లేదు. మోత ఒక్కసారిగా పెరగడం మిశ్రమం పలచబడిందనడానికి, అంటే గాలికి తగ్గ పెట్రోలు అందడం లేదనడానికి గుర్తు. ఆ క్షణంలో యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజన్ బతికే అవకాశం ఉండేది. కౌలు రైతుకు ఆ సంగతి తెలియదు, తెలిసి ఉండాలని అనుకోనూ కూడదు.

మామయ్యగారి విషయానికి వస్తే, మీ ముందు దారులు మూడున్నాయి. కాలమే సర్దుతుందని ఊరుకోవచ్చు. కానీ బంకు నడిచేది నమ్మకం మీద. 'సొంత బావే కల్తీ అన్నాడు' అనే మాట ఊళ్లో తిరిగినన్నాళ్లూ ఆయనకు నష్టమే, ఆ భారం మీ అమ్మగారి మీద పడుతుంది. రెండోది, మీరే వెళ్లి సర్దిచెప్పడం. గొడవ తొందరగా చల్లారుతుంది, కానీ నాన్నగారిని పక్కన పెట్టి కొడుకు తీర్పు చెప్పినట్టవుతుంది. మూడోది, సిలిండర్ పరీక్ష ముందు నాన్నగారి చేతనే, ఇంటి పెరట్లో, మీరిద్దరే ఉన్నప్పుడు చేయించడం. తన కళ్లతో చూశాక ఏం చేయాలో ఆయన్నే తేల్చుకోనివ్వండి. నేనైతే ఈ మూడోదానివైపే మొగ్గుతాను. అన్న మాట నలుగురిలో అన్నది కాబట్టి, వెనక్కి తీసుకునేటప్పుడు ఆ నలుగురిలో ఒకరిద్దరైనా ఉంటే మామయ్యగారికి ఊరట. ఆయన ససేమిరా అంటే అప్పుడు అమ్మగారితో కలిసి మీరు వెళ్లండి.

నాన్నగారి అనుమానం సరికాకపోయినా ఆయన కోపం అకారణం కాదు. ముప్ఫై ఏళ్లుగా పోయించుకున్న పెట్రోలు స్వభావమే మారింది. ట్యాంకులో నెలల తరబడి ఉంచకూడదని, పాత రబ్బరు పైపులు మార్చుకోవాలని ఆయనకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. ఆ మాట ఆయనతో మీరు అనండి. తప్పు ఒప్పుకోవడం ఆయనకు తేలికవుతుంది.

ఒకవేళ తాజా పెట్రోల్లోనే నీళ్ల పొర కనిపిస్తే కథ వేరు. వానల్లో బంకు భూగర్భ ట్యాంకులోకి నీరు దిగడం జరగని పని కాదు. వినియోగదారుడిగా ఫిల్టర్ పేపర్ పరీక్ష, సాంద్రత పరీక్ష, ఐదు లీటర్ల కొలత అడిగే హక్కు మీకుంది, బంకు వాళ్లు డబ్బు తీసుకోకుండా చేసి చూపించాలి. ముందు మామయ్యగారికే చెప్పండి. నీళ్లు దిగితే అందరికన్నా ముందు నష్టపోయేది ఆయనే.

ఇక యంత్రాలు. పట్టేసిన స్ప్రేయరును మెకానిక్‌కు వదిలేసి రాకుండా, సైలెన్సర్ బోల్టులు విప్పించి ఆ రంధ్రంలోంచి పిస్టన్‌ను మీరే చూడండి. గీతలు సైలెన్సర్ వైపు మాత్రమే ఉంటే పలచని మిశ్రమం వల్ల వేడెక్కిందని అర్థం. చుట్టూ ఉంటే నూనె అందలేదు. సిలిండర్ గోడ మీద గోరుతో గీయండి. గోరుకు గాడి తగలకుండా, పిస్టన్ అల్యూమినియం పూతలా అంటుకుని మాత్రమే ఉంటే పిస్టన్, రింగులు మార్చి సిలిండర్ శుభ్రం చేయించవచ్చు. గాడి తగిలితే సిలిండర్, పిస్టన్ సెట్టుగా మార్చాల్సిందే. ఎలాగూ విప్పుతున్నారు కనుక క్రాంకు రెండు పక్కల ఆయిల్ సీళ్లు కూడా మార్పించండి. అవి గట్టిపడితే లోపలికి గాలి పీల్చి కొత్త పిస్టన్‌ను కూడా ఇలాగే కాల్చేస్తాయి. మొత్తం ఖర్చు కొత్త యంత్రం ధరలో సగం దాటేట్టుంటే బాగు చేయించవద్దనే చెబుతాను. మీ రెండు స్ప్రేయర్లూ ఒకే మోడల్ అయితే దీని కార్బురేటర్, కాయిల్, స్టార్టర్, పంపు రెండోదానికి విడిభాగాలుగా అక్కరకొస్తాయి.

చోక్ మీదే నడుస్తున్న స్ప్రేయరు ఇంకా చేజారిపోలేదు, కానీ అలా నడపడం వెంటనే ఆపండి. చోక్ వేస్తేనే నడుస్తోందంటే పెట్రోలు చాలడం లేదు. రెండో స్ప్రేయరు దారిలోనే ఇదీ నడుస్తోంది. ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి, తాజా పెట్రోలు కొద్దిగా పోసి కడిగి పారబోయండి, ఆ తరవాత రబ్బరు భాగాలు చూడండి. పెట్రోల్ పైపును చేత్తో వంచితే చిట్లుతోందా, జిగటగా ఉందా? స్టార్ట్ చేసే ముందు నొక్కే ప్రైమర్ బల్బు నొక్కితే వెంటనే ఉబ్బుతోందా? ఇథనాల్ ముందు మెత్తబరిచేది ఈ రబ్బర్లనే. ఎండిపోయినప్పుడు అవి గట్టిపడి బీటలు తీస్తాయి. రెండు పైపులు, ట్యాంకు ఫిల్టరు, ప్రైమర్ బల్బు, కార్బురేటర్ డయాఫ్రం (లోపలి పలచని పొర) కిట్టు ఒకేసారి మార్చేయండి. ఒక్కొక్కటిగా మారిస్తే ప్రతిసారీ మిగిలినది మొరాయిస్తుంది. కార్బురేటర్ విప్పేటప్పుడు ప్రతి పొరనూ ఫోన్లో ఫొటో తీసుకుంటూ వెళ్లండి. చాలా కార్బురేటర్లలో మధ్యన చిన్న బొడిపె ఉన్న డయాఫ్రం వైపు గాస్కెట్ ముందు బాడీకి ఆనాలి, పంపు వైపు మాత్రం డయాఫ్రమే బాడీకి ఆనాలి. తారుమారైతే ఇంజన్ సరిగా నడవదు. మెకానిక్‌లు కొత్త కిట్టు 'పనికిరాదు' అని తేల్చడం ఈ పొరపాటు వల్ల కూడా కావచ్చు.

ఇవన్నీ మార్చి తాజా పెట్రోలుతో నడిపాక కూడా ఫుల్ యాక్సిలరేటర్‌లో గుక్క తిప్పుకోలేకపోతుంటే, కార్బురేటర్‌కు హెచ్ అని గుర్తున్న స్క్రూ ఉంటే దాన్ని ఎడమకు ఎనిమిదో వంతు చుట్టు తిప్పి చూడండి. సరిపోకపోతే ఇంకో ఎనిమిదో వంతు. పూర్తి వేగంలో మోత కొంచెం బొంగురుపోయిన చోట ఆపండి. స్క్రూ లేని మోడలైతే దిద్దడానికి ఏమీ లేదు, జెట్ జోలికి వెళ్లవద్దు.

ఆయిల్ ఎక్కువ పోస్తే మేలని ఎవరైనా చెబితే నమ్మకండి. 40కి 1 అని మాన్యువల్లో ఉంటే లీటరుకు 25 మి.లీ., 25కి 1 అని ఉంటే 40 మి.లీ. అంతకు మించి పోస్తే ఆ మేరకు పెట్రోలు తగ్గి మిశ్రమం ఇంకా పలచబడుతుంది, సైలెన్సర్ మసి పట్టి మూసుకుంటుంది.

వీడర్ దగ్గర మెకానిక్ చేసింది సదుద్దేశంతోనే, కానీ లెక్క తప్పింది. మామూలు పెట్రోలు పూర్తిగా మండడానికి కిలోకు 14.7 కిలోల గాలి కావాలి, ఈ20కి 13.5 కిలోలు చాలు. అంటే అదే గాలికి పెట్రోలు తొమ్మిది శాతం దాకా ఎక్కువ ఇవ్వాలి. పది శాతం ఇథనాల్‌కు సరిపడ్డ యంత్రానికైతే ఆ తేడా ఇంకా చిన్నది. జెట్ రంధ్రం వెడల్పును నాలుగు, నాలుగున్నర శాతం పెంచితే పెట్రోలు తొమ్మిది శాతం దాకా పెరుగుతుంది. జెట్ మీద 70 అని ఉంటే చాలావరకు 0.70 మి.మీ. అని అర్థం, దాన్ని 73 చేస్తే చాలు. డ్రిల్ బిట్‌తో 0.80 చేశారనుకోండి, పెట్రోలు ముప్ఫై శాతం పెరిగిపోతుంది. నల్లపొగ అందుకే. మండని పెట్రోలు సిలిండర్ గోడ మీది నూనెను కడిగేసి కింద ఇంజన్ ఆయిల్లో కలుస్తుంది. డిప్‌స్టిక్ వాసన చూడండి. పెట్రోలు వాసన వస్తే ఆయిల్ ఇవాళే మార్చండి.

కంపెనీ సైజు జెట్టే తెప్పించి బిగించండి. అసలు ఆ జెట్‌ను ముట్టుకోవాల్సిన పనే ఉండకపోవచ్చు. ఇంజన్ ఒకసారి పెంచుతూ ఒకసారి తగ్గిస్తూ ఊగుతుంటే, చాలాసార్లు కారణం తక్కువ వేగంలో పెట్రోలు ఇచ్చే సన్నని పైలట్ జెట్‌లో జిగురు పట్టడం. ఇథనాల్ ట్యాంకులోని పాత మడ్డిని కరిగించి తెచ్చి ఇలాంటి చోటే వదులుతుంది. కార్బురేటర్ అడుగున ఉండే ఫ్లోట్ గిన్నె కింది బోల్టు విప్పి (వీటిలో ఎక్కువగా 10 మి.మీ. స్పానర్ సరిపోతుంది) గిన్నెలో తెల్ల పొడి, తుప్పు, నీటి బొట్లు ఉన్నాయేమో చూడండి. జెట్లను కార్బురేటర్ స్ప్రేతో, గాలితో శుభ్రం చేయించండి. ఉక్కు తీగ మాత్రం దూర్చవద్దు. 2023 ఏప్రిల్ నుంచి ఈ20కి తట్టుకునే భాగాలతో రావాలన్న ఏర్పాటు రోడ్డు మీద తిరిగే బండ్లది. 2021 నాటి వీడర్‌కు దానితో సంబంధం లేదు. దాని మాన్యువల్లో ఇథనాల్ గురించి ఒక వాక్యం ఉంటుంది, చిన్న ఇంజన్లలో చాలావాటికి పది శాతమే హద్దుగా రాస్తారు. వారంటీ ఇంకా ఉంటే ఆ వాక్యం చదివాకే షోరూముకు వెళ్లండి.

పెట్రోలు ఖర్చు పెరిగిందని కూడా రాశారు. లీటరు ఇథనాల్‌లో శక్తి లీటరు పెట్రోలు కన్నా మూడో వంతు తక్కువ, కాబట్టి ఈ20తో లీటరుకు జరిగే పని ఆరేడు శాతం తగ్గడం సహజం. అంతకు మించి తాగుతుంటే తప్పు యంత్రంలో ఉంది.

నీళ్లతో ఇథనాల్ కడిగేయమన్న మీ స్నేహితుడి సలహా గురించి గట్టిగా చెప్పాలి: వద్దు. పరీక్ష కోసం వంద మిల్లీలీటర్లలో చేసేది వేరు, క్యాన్లలో చేసేది వేరు. ఇథనాల్ ఉంటుందన్న లెక్కతోనే మిగతా పెట్రోలును తయారు చేస్తారు, అది పోతే ఆక్టేన్ (ఇంజన్ కొట్టుకోకుండా మండే గుణం) పడిపోయి ఇంజన్ కొట్టుకుంటుంది. ఎంత తేర్చినా తడి మిగులుతుంది. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం, మూత తీసిన క్యాన్లలో పెట్రోలు గిలకొడుతుంటే ఆవిరి నేల మీద పరుచుకుంటుంది. ఎక్కడో ఉన్న పొయ్యి చాలు. పైగా అడుగున మిగిలే ద్రవాన్ని ఎక్కడ పోస్తారు? పొలం గట్టునా, బావి పక్కనా?

ఇథనాల్ లేని పెట్రోలే కావాలంటే నగరాల్లో కొన్ని బంకుల్లో అమ్మే 100 ఆక్టేన్ రకాన్ని పరీక్షించి చూడవచ్చు. 95 ఆక్టేన్ ప్రీమియంలో ఇథనాల్ ఉంటుంది, దానివల్ల ఈ పనికి లాభం లేదు. 100 ఆక్టేన్ కొన్నా అదే సిలిండర్‌లో చూసుకోండి, పొర 10 దగ్గర ఆగితేనే మీ డబ్బుకు ఫలితం. ధర మామూలు పెట్రోలు కన్నా చాలా ఎక్కువ కనుక రోజూ వాడితే అద్దె గిట్టుబాటు కాదు. సీజన్ చివర యంత్రాన్ని పక్కన పెట్టే ముందు వాడటానికి మాత్రం ఒకటి రెండు లీటర్లు తెచ్చుకోవడం మంచి ఖర్చే.

ఆ చివరి రోజు పనే మీకు అన్నిటికన్నా ముఖ్యం. స్ప్రేయర్ ట్యాంకు ఖాళీ చేయండి. ఇథనాల్ లేని పెట్రోలు దొరికితే ఆయిల్ కలిపి 100 మి.లీ. పోసి ఐదు నిమిషాలు నడపండి, దాంతో డయాఫ్రంలు ఇథనాల్ లేకుండా మెత్తగా నిలుస్తాయి. దొరక్కపోతే ట్యాంకు ఖాళీ చేసి, దానంతట అదే ఆగిపోయేదాకా నడిపి, ప్రైమర్ నొక్కి మళ్లీ స్టార్ట్ చేసి మిగిలిన చుక్కలు కూడా కాల్చేయండి. పొడిగా ఉంచితే డయాఫ్రం కొంత గట్టిపడవచ్చు, మరుసటి ఏడాది కిట్టు మార్చాల్సి రావచ్చు. పిస్టన్ పోవడంతో పోలిస్తే అది చిన్న ఖర్చు. ప్లగ్గు తీసి చెంచాడు టూటీ ఆయిల్ పోసి, తాడును మెల్లగా మూడు నాలుగు సార్లు లాగి, ప్లగ్గు బిగించండి. వీడర్‌కైతే పెట్రోల్ ట్యాప్ కట్టి ఆగేదాకా నడిపి, ఫ్లోట్ గిన్నె డ్రెయిన్ స్క్రూ విప్పి ఖాళీ చేస్తే సరి. పెట్రోలు నిలవ ఉంచే మందులు కొన్నాళ్లు జిగురును ఆపుతాయి గానీ, విడిపోయిన పెట్రోలును ఏ మందూ మళ్లీ కలపలేదు.

నాన్నగారి స్కూటరు నిజానికి మీ అందరి యంత్రాల్లో తేలికైన కేసు. రోజూ నడుస్తుంది కాబట్టి పెట్రోలు నిలవ ఉండదు. దాని శత్రువు పాత రబ్బరు. పెట్రోల్ ట్యాప్ లోపలి వాషర్లు, ఫ్లోట్ నీడిల్, ట్యాంకు నుంచి వచ్చే పైపు మార్పించండి. పైపు మీద ఎస్‌ఏఈ జె30 ఆర్9 అని అచ్చు ఉన్నది అడిగి తీసుకోండి, సైజు మాత్రం పాతదాన్ని తీసుకెళ్లి చూసుకోండి. ట్యాంకులో తుప్పు ఉంటే మొదటి నాలుగైదు ట్యాంకులకు ఫిల్టరు తరచూ మూసుకుంటుంది, కంగారు పడవద్దు. ఎక్కువ దూరం వెళ్లాక ప్లగ్గు తీసి చూడండి. లేత గోధుమ రంగులో ఉంటే జెట్ మార్చక్కర్లేదు. సున్నంలా తెల్లగా ఉంటే మెయిన్ జెట్ ఒక సైజు పెద్దది వేయించండి, అచ్చుపడిన కొత్త జెట్టే. కాస్త పొగ వచ్చినా పర్వాలేదనుకుంటే, స్ప్రేయర్లకు కలిపి నెల లోపు మిగిలిన పెట్రోలు ఈ స్కూటర్లో పోసి ఖర్చు చేసేయవచ్చు. అమ్మేయమని నేను చెప్పను.

స్ప్రేయర్ల బదులు బ్యాటరీవి కొనాలా అన్నారు. కలుపు మందుకూ, చిన్న మొక్క దశకూ అవి చాలు, పెట్రోలు బెడద పూర్తిగా పోతుంది. మిర్చి గుబురెక్కాక ఆకు అడుగున దాక్కున్న తామర పురుగు దాకా మందు చేర్చడానికి వాటి ఒత్తిడి సరిపోదు. ఒకటి బ్యాటరీది, ఒకటి బాగు చేయించిన పెట్రోలుది పెట్టుకుంటే రెండు దశలకూ అద్దె వస్తుంది. రెండూ బ్యాటరీవైతే డిసెంబర్, జనవరిలో మీ దగ్గరికి వచ్చే రైతు వేరే చోటికి వెళ్తాడు.

కౌలు రైతు విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. యంత్రం మీది, అందులో పెట్రోలు మీది, ఆయన చేసిన తప్పు ఏమీ లేదు. ఆ రోజు అద్దె వదిలేయండి. ఆయన కలిపిన మందు వృథా అయితే దాని ఖర్చులో భాగం పంచుకుంటానని మీరే ముందు అనండి. ఆ తరవాత పాత బాకీని విడిగా, మెల్లగా అడగండి. రెండింటినీ కలిపి మాట్లాడితే రెండూ పోతాయి. ఇకముందు అద్దెకిచ్చేటప్పుడు రైతునే పెట్రోలు తెచ్చుకోమంటే మీకు ఖర్చు తగ్గుతుంది, కానీ ఏ సీసాలో ఏం తెస్తారో మీ చేతిలో ఉండదు. తాజాగా ఆయిల్ కలిపిన లీటరు పెట్రోలు అద్దెలోనే కలిపి మీరే ఇస్తే అద్దె కొంచెం పెంచాలి, యంత్రం మాత్రం భద్రం. గట్టి మూత ఉన్న లోహపు క్యానులో, నిండుగా, కలిపిన తేదీ రాసి ఇవ్వండి. నడుస్తూ నడుస్తూ మోత ఉన్నట్టుండి పెరిగితే యాక్సిలరేటర్ వదిలేసి ఆపేయమని తీసుకెళ్లే ప్రతి మనిషికీ చెప్పి పంపండి.